పెన్సిలు గీత పలికిన పంచమం

పిల్లలూ, మీ సంచీలో పెన్సిలు ఉన్నది కదా? దానితో బొమ్మలు గీస్తారు, లెక్కలు చేస్తారు. దానితో స్వరాలు కూడా పలికించవచ్చునంటే నమ్ముతారా? మొదట నేనూ నమ్మలేదు. ఈ సంగతి నాకు మా ఇంట్లోనే తెలిసింది, అదీ మా అమ్మ మూలాన.

మా అమ్మ చిన్ననాటినుంచీ వీణ వాయించేది. ఆమెది పనసకర్రతో చేసిన బొబ్బిలి వీణ. రెండేళ్ళ క్రితం ఆమెకు పక్షవాతం వచ్చింది. మాట తిరిగి వచ్చింది, నడకా కొంత వచ్చింది. ఎడమచెయ్యి మాత్రం స్వాధీనంలోకి రాలేదు. వీణ వాయించేవారిని మీరు చూసే ఉంటారు. కుడిచేతి వేళ్ళు తీగెను మీటితే, ఎడమచేతి వేళ్ళు దానిని మెట్లమీద నొక్కి స్వరం పలికిస్తాయి. ఒక చెయ్యి పనిచెయ్యకపోతే రెండోది మాత్రం ఏం చేస్తుంది? అమ్మ వీణకు గుడ్డ కప్పించి, గది మూలన పెట్టించింది. ఎవరైనా దాని ఊసెత్తితే అక్కడినుంచి లేచిపోయేది.

నాకు చిన్నప్పటినుంచీ రేడియోలు విప్పి చూసే సరదా ఉన్నది. ఒక్క చేత్తో వాయించగల వాద్యం ఏదైనా నేనే చేసి ఇద్దామనుకున్నాను.

ఇటువంటి పనికి దారి ఇదివరకే వేసినవారున్నారు. అమెరికాలో రాబర్ట్ మూగ్ అనే ఆయన కుర్రతనంలో తండ్రితో కలిసి ఇంట్లోనే థెరిమిన్ అనే వాద్యం తయారు చేశాడు. దాన్ని ముట్టుకోకుండా, గాలిలో చేతులు ఆడించి వాయిస్తారు. ఆయనే పెద్దవాడై, 1964లో హెర్బర్ట్ డాయిచ్ అనే సంగీతకర్తతో కలిసి సింథసైజరును రూపొందించాడు. అది ఒకే యంత్రం కాదు, చిన్న చిన్న పెట్టెల కూటమి. ఒక పెట్టె నాదం పుట్టిస్తుంది. ఇంకొకటి ఆ నాదాన్ని వడపోస్తుంది. మరొకటి దాన్ని పెంచుతుంది, తగ్గిస్తుంది. ఏ పెట్టెను దేనికి కలపాలో వాయించేవాడే తీగెలతో కలుపుకుంటాడు. ఈ పెట్టెలనే మాడ్యూళ్ళంటారు. 1969లో డేవిడ్ ట్యూడర్ అనే అమెరికా సంగీతకారుడు మన అహమ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అటువంటి మూగ్ యంత్రాన్ని నెలకొల్పాడు. ఇప్పుడు ఎన్నో దేశాలలో, ఆసక్తి ఉన్నవారు ఇళ్ళలోనే ఇటువంటి మాడ్యూళ్ళు చేసుకుంటున్నారు.

నేను మొదట నాదం పుట్టించే మాడ్యూలు చేశాను. దానికి కావలసినది పద్నాలుగు కాళ్ళ నల్ల పురుగులా ఉండే 40106 అనే ఐ.సి. దానిలో ఆరు గదులున్నాయి. మనకు ఒక్కటి చాలు. అది పనిచేసే తీరు చెబుతాను, వినండి.

ఒక చెంబు, దానికి ఒక సన్నని గొట్టం, పక్కన ఒక కాపలావాడు ఉన్నారనుకోండి. చెంబు లోపల పైన ఒక గీత, కింద ఒక గీత ఉన్నాయి. నీళ్ళు పైగీతకు రాగానే కాపలావాడు "ఇక తోడెయ్యి!" అంటాడు. కిందిగీతకు దిగగానే "ఇక నింపు!" అంటాడు. ఈ నింపటమూ, తొయ్యటమూ ఆగకుండా సాగుతుంది. చెంబు కెపాసిటరు, గొట్టం రెసిస్టరు, కాపలావాడు ఐ.సి.లోని గది. నీళ్ళకు బదులు ఇక్కడ విద్యుత్తు. సెకనుకు రెండు వందలసార్లు చెంబు నిండి ఖాళీ అయితే, స్పీకరు రేకు కూడా అన్నిసార్లే ఊగుతుంది. ఆ ఊపే మన చెవికి నాదం. గొట్టం సన్నమైతే చెంబు నిండటం ఆలస్యమవుతుంది, నాదం మంద్రంలోకి దిగుతుంది.

ఎనిమిది మీటలు అమర్చి, ఒక్కొక్క మీటకు ఒక్కొక్క రెసిస్టరు పెట్టి, సరిగమపదనిస పలికించాను. గర్వంగా తీసుకుపోయి అమ్మ ముందు పెట్టాను. ఆమె రెండు మీటలు నొక్కి చెయ్యి తీసేసింది.

"స్వరాలున్నాయిగాని గమకమేదిరా? పైగా దోమ చెవిలో దూరినట్టుంది," అన్నది.

నా ప్రాణం ఉసూరుమన్నది. ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారకపోతే అది మన సంగీతం ఎట్లా అవుతుంది? మెట్ల మీద తీగెను లాగినట్టు మీటను లాగలేం గదా!

అప్పుడు ఏడో తరగతి చదివే మా అమ్మాయి అన్నది: "నాన్నా, పెన్సిలు ముల్లులో ఉన్నది గ్రాఫైటు. దానిలో విద్యుత్తు ప్రవహిస్తుందని మా బళ్ళో చెప్పారు. గీత గీసి, దాన్నే రెసిస్టరుగా పెడితేనో?"

6బి పెన్సిలుతో అట్టమీద 18 సెంటీమీటర్ల గీతను మందంగా దిద్దాము. ఐ.సి. 1వ కాలిని గీత ఒక కొసకు తగిలించాము. అదే కాలికీ, బ్యాటరీ ఋణ కొసకూ మధ్య 0.068 మైక్రోఫారడ్ కెపాసిటరు పెట్టాము. 2వ కాలి నుంచి ఒక తీగె తీసి, దాని రెండో కొసను వదులుగా ఉంచాము. ఆ కొసను గీతమీద ఆనిస్తే నాదం పుడుతుంది, ఎత్తితే ఆగుతుంది, జరిపితే జారుతుంది! 2వ కాలినుంచే లక్ష ఓముల రెసిస్టరు గుండా, బ్యాటరీతో నడిచే చిన్న స్పీకరు పెట్టెకు ఇంకో తీగె ఇచ్చాము. దోమ గొంతు తగ్గటానికి మధ్యలో మరొక రెసిస్టరూ, కెపాసిటరూ పెట్టి వడపోత మాడ్యూలు చేశాము.

ఇక్కడ ఒక వింత గమనించండి. వీణ తీగెను సగం పొడవు దగ్గర నొక్కితే తారషడ్జం పలుకుతుంది. మూడింట రెండు వంతుల పొడవుకు పంచమం పలుకుతుంది. మన గీతకూ అదే లెక్క! పొడవు సగమైతే అడ్డు సగమవుతుంది, చెంబు రెట్టింపు వేగంతో నిండుతుంది. అంటే 18 సెంటీమీటర్లకు షడ్జం, 12కు పంచమం, 9కి తారషడ్జం రావాలి. నేను స్కేలుతో కొలిచి గుర్తులు పెట్టాను.

అమ్మ కుడిచేత్తో తీగె పట్టుకుని గీతమీద మెల్లగా జరిపింది. నా గుర్తు దాటి, 13 దగ్గర ఆగింది. "పంచమం ఇక్కడ ఉన్నది," అన్నది.

"కాదమ్మా, 12 దగ్గరే ఉండాలి. లెక్క అది," అన్నాను.

"నీ లెక్క సంగతి నాకు తెలియదు. నా చెవి ఇక్కడే అంటున్నది."

మీటరు పెట్టి కొలిచాను. మొత్తం గీత అడ్డు 90 వేల ఓములు. మూడింట రెండు వంతులంటే 60 వేలు. అది సరిగ్గా 13 సెంటీమీటర్ల దగ్గరే ఉన్నది! ఐ.సి.కి దగ్గరివైపు మేము పెన్సిలు ఎక్కువ దిద్దాము గనక అక్కడ అడ్డు తక్కువైంది. నా లెక్క తప్పు కాదు. గీత అంతటా ఒకే తీరుగా ఉన్నదనుకోవటం తప్పు. అమ్మ చెవి గీతను చూడలేదు, నాదాన్నే విన్నది.

ఆ సాయంత్రం అమ్మ చాలాసేపు గీతమీద వేళ్ళాడించింది. "ఇది వీణ కాదురా. కాని నా చెయ్యి చెప్పినట్టు వింటున్నది," అన్నది. రెండేళ్ళలో ఆమె సంగీతం మాట ఎత్తటం అదే మొదలు.

గీత వారం రోజులకే అరిగిపోతుంది. మళ్ళీ దిద్దాలి. దిద్దినప్పుడల్లా స్వరాల చోట్లు కొద్దికొద్దిగా మారుతాయి. ఇది లోపమే అనుకున్నాను. కాని ప్రతి ఆదివారం మా అమ్మాయి కొత్త గీత గీస్తుంది. అమ్మ పక్కన కూర్చుని, "పంచమం ఎక్కడున్నదో చెప్పవే," అని అడుగుతుంది. అది కళ్ళు మూసుకుని వెతుకుతుంది. మొదట్లో చాలా తప్పేది. ఇప్పుడు తప్పటం తక్కువ.

మీరూ అమ్మానాన్నలతో కలిసి చేసి చూడండి. 9 వోల్టుల బ్యాటరీ ధన కొసను 14వ కాలికీ, ఋణ కొసను 7వ కాలికీ, స్పీకరు రెండో తీగెకూ కలపండి. వాడని గదుల కాళ్ళు 3, 5, 9, 11, 13. వీటిని కూడా ఋణ కొసకే కలపాలి. బ్రెడ్‌బోర్డు ఉంటే సోల్డరింగు అక్కరలేదు. ఇంటి గోడలోని కరెంటు జోలికి మాత్రం ఎప్పుడూ పోకండి. అంతా అమరిన తరవాత స్కేలు పక్కన పెట్టి, ముందు చెవితో వెతకండి.