పెట్టె మీది 48, పంచాంగంలోని మూఢం

దేవుణ్ణి నమ్మనివాడు అట్టపెట్టె మీది అంకెను ఎందుకు నమ్ముతాడో నాకు అర్థం కాదు. బాబా గాల్లోంచి విబూది తీస్తే చొక్కా చేతులు మడిచి చూపమంటాం. అదే బాబా చేతిలో ఒక బ్యాటరీ మిషను పెట్టి "1500 వాట్లు" అని రాస్తే మాత్రం ధర ఎంతని అడుగుతాం.

ఈ ఆలోచన ఒక చిన్న రంపం కొనబోయినప్పుడు వచ్చింది. రెండు కిలోల బరువుండే బ్యాటరీ చైన్ సా. పెరట్లో కొమ్మలు కొట్టుకోవడానికి. దాని కథ చెప్పాలంటే ముందు కొమ్మ సంగతి చెప్పాలి.

మేముండే ఊరు 2024 సెప్టెంబరు దాకా పోర్ట్ బ్లెయిర్, ఇప్పుడు శ్రీ విజయపురం. ఇక్కడ ఏడాదికి సుమారు మూడు వేల మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. చెట్లు పెరగడానికి ఎవరినీ అడగవు. మా పెరట్లో మామిడి, పనస, మునగ, నాలుగు కొబ్బరిచెట్లు ఉన్నాయి. మామిడి కొమ్మ ఒకటి గోడ దాటి పక్కింటి రేకుల మీదికి వెళ్లింది. మొదట్లో ఐదంగుళాల లావు. మానుతో కలిసేచోట పుచ్చు. ఆకులూ రెమ్మలూ కలుపుకుంటే యాభై కిలోలకు దగ్గరగా ఉంటుందని నా అంచనా. ఆ సిమెంటు రేకుల కింది గదిలోనే పక్కింటివారి అమ్మాయి, పురిటికి వచ్చిన పిల్ల, పడుకునేది.

నైరుతి రుతుపవనాలు దేశంలో ముందుగా తాకేది మా దీవులనే, మామూలుగా మే మూడోవారంలో. అంటే కొమ్మ సంగతి మే నెల మొదట్లోనే తేల్చాలి.

పక్కింటాయన శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబంవాడు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు నూటికి పదముగ్గురు. అందులో ఉత్తరాంధ్రవాళ్లు చాలామంది, కాబట్టి నమ్మకాలు కూడా ఓడెక్కి వచ్చేశాయి. ఏప్రిల్ చివరలో ఆయనతో కొమ్మ మాట ఎత్తాను.

"బావగారూ, ఇప్పుడొద్దు. మూఢం. పైగా ఇంట్లో నిండు చూలాలు. పచ్చని చెట్టు మీద కత్తి పెట్టకూడదు."

"ఎన్నాళ్లు ఆగాలి?"

"జూలై దాటాలి. పురుడు కూడా అయిపోద్ది."

ఇక్కడ నవ్వడం సులువు. నేను నవ్వలేదు. మొదటి కాన్పు పిల్లను ఇంట్లో పెట్టుకున్న తండ్రి భయం అది. మూఢం సంగతి మాత్రం చెప్పాను. ఆ ఏడాది గురుమూఢం, శుక్రమూఢం రెండూ కలిసి వచ్చాయి. ఏప్రిల్ చివర నుంచి పెళ్లి ముహూర్తాలు లేవని పురోహితులు చెప్పారు. ఆకాశంలో జరిగింది ఇంతే: గురుడు మే 18న, శుక్రుడు జూన్ 4న మనం చూసే దిశలో సూర్యుడి వెనక్కి వెళ్లారు. సూర్యకాంతిలో కొన్ని వారాలపాటు కనబడరు. శుక్రుడు అప్పుడు మనకు సుమారు 26 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. కొమ్మ రేకులకు నాలుగడుగుల ఎత్తులో ఉంది.

ఆయన ఏమీ అనలేదు. రెండు రోజుల తర్వాత "చెట్టు మీది, పాపం మీది, మీరు కొట్టించుకుంటే నేను అడ్డుపడను" అన్నాడు. నాకు అది చాలు.

మరి దేనితో కొట్టించాలి? పెట్రోలు చైన్ సా బాగా పనిచేస్తుంది, అనుమానం లేదు. కాని నాలుగైదు కిలోల బరువు. మాను మీద తాడుతో కట్టుకుని నిలబడ్డ కుర్రాడి చేతికి అది ఇవ్వడమంటే ప్రాణగండం. చేతిరంపం తేలికే గాని, పుచ్చు పట్టిన కొమ్మ మీద కూర్చుని పది నిమిషాలు ఊగుతూ కోయడం కూడా మంచిది కాదు. 1926లో జర్మనీలో ఆండ్రియాస్ స్టిల్ తయారుచేసిన కరెంటు చైన్ సా అరవై కిలోల పైన తూగేది, ఇద్దరు పట్టుకోవాలి. ఇవాళ రెండు కిలోల్లో ఆరంగుళాల బ్లేడు వస్తోంది. అది కావాలనుకున్నాను.

దానికి ముందే, ఏప్రిల్ మధ్యలో, నేను విశాఖపట్నం వెళ్లి ఉన్నాను. అక్కడ మిత్రుడొకాయన, నాకన్నా పాత హేతువాది, తన మిషను చూపించాడు. పెట్టె మీద 48 వీఎఫ్, 6000 ఎంఏహెచ్, 1500 వాట్లు. ధర చాలా తక్కువ. "నాలుగున్నర చుక్కలున్నాయి, వేలమంది మెచ్చుకున్నారు" అన్నాడు. తిరుపతి వెళ్లేవాళ్లు కూడా వేలమందేనని నేను అన్నాను. ఆయనకు కోపం వచ్చింది. వంటింట్లోంచి త్రాసు తెప్పించాను.

డిఫెన్సు అకౌంట్సులో పనిచేసినవాడికి ఒక అలవాటు ఉంటుంది. బిల్లు చూడడు, వోచరు చూస్తాడు. పెట్టె మీద పెద్ద అక్షరాలు బిల్లు. చార్జరు వెనుక చీమతలకాయంత అక్షరాలు వోచరు. దాని మీద 21 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంది.

లిథియం అయాన్ సెల్లు ఒకటి నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టులు, సగటున 3.6. అయిదు సెల్లులు వరుసగా కలిపితే నిండా 21, సగటున 18. అంటే చార్జరే చెప్పేసింది, లోపల ఉన్నది అయిదు సెల్లుల వరుస అని. మరి 48? దాని పక్కన "వీఎఫ్" అని ఉంది చూడండి, ఆ కొలత ఏ భౌతికశాస్త్ర పుస్తకంలోనూ లేదు. మనం వోల్టులు అనుకోవాలని పెట్టిన అక్షరాలవి. పట్టుకుంటే "మేము వోల్టులనలేదే" అనవచ్చు. జ్యోతిష్కుడు "గండం ఉంది, తప్పనూ వచ్చు" అన్నట్టు.

పేరున్న కంపెనీలు కూడా పూర్తిగా అమాయకులు కావు. అమెరికాలో "20 వోల్ట్ మాక్స్" అని అమ్మేదీ, యూరపులో 18 అని అమ్మేదీ ఒకే అయిదు సెల్లులు. నిండు అంకె ఒకచోట, సగటు అంకె ఒకచోట. కాకపోతే అది అబద్ధం కాదు.

ఇక త్రాసు. పెట్టె మాట నిజమైతే బ్యాటరీలో ఉండే శక్తి 48ని 6తో గుణిస్తే 288 వాట్ అవర్లు. ఇలాంటి మిషన్లలో వాడే చిన్న గుండ్రటి సెల్లు, అందులో మేలురకమైనా సరే, సుమారు పన్నెండున్నర వాట్ అవర్లు ఇస్తుంది, 45 నుంచి 50 గ్రాములు తూగుతుంది. 288 కావాలంటే ఇరవైమూడు సెల్లులు కావాలి. వాటి బరువే కిలో దాటాలి. త్రాసులో పెట్టాం. ప్లాస్టిక్ డొక్కుతో కలిపి 340 గ్రాములు. అయిదు సెల్లులు, పైన డొక్కు. అంతే.

ఎంత నిండుతుందో కూడా చార్జరే చెబుతుంది. గంటకు 1 ఆంపియర్ చొప్పున రెండు గంటల్లో పచ్చదీపం వెలుగుతోందని మిత్రుడే చెప్పాడు. లోపలికి వెళ్లింది 2 ఆంపియర్ అవర్లు. జమ రెండైతే ఖర్చు ఆరు ఎలా అవుతుంది? 18ని 2తో గుణిస్తే 36 వాట్ అవర్లు. చెప్పినదానిలో ఎనిమిదోవంతు. 1500 వాట్లు కూడా అలాగే. 18 వోల్టుల మీద అంత రావాలంటే 83 ఆంపియర్లు లాగాలి. ఆ సెల్లులు ఇరవై, మహా అయితే ముప్ఫై ఇస్తాయి. కాబట్టి నాలుగైదు వందల వాట్ల మిషను.

పోలిక కోసం చెబుతాను. అదే స్టిల్ కంపెనీ నాలుగంగుళాల చిన్న రంపం మీద 10.8 వోల్టులు, 28 వాట్ అవర్లు అని రాస్తుంది. దుకాణంలో 48 పక్కన 10.8 పెడితే కొనేవాడి చేయి ఎటు వెళుతుందో చెప్పనక్కరలేదు.

మిత్రుడు చివరికి "పనిచేస్తోంది కదా" అన్నాడు. పనిచేస్తోంది, నిజమే. తాయెత్తు కట్టుకున్నవాడికీ జ్వరం తగ్గుతుంది. నా ప్రశ్న జ్వరం గురించి కాదు. కోవూర్ గారు 1963లో లక్ష రూపాయల సవాలు విసిరినప్పుడు కవరులో సీలు చేసిన నోటు నెంబరు చెప్పమన్నారు. ఎందుకంటే కవరు చింపి చూడవచ్చు. చింపి చూడగలిగే మాటే మాట. బ్యాటరీ విషయంలో ఆ కవరు మన వంటింటి త్రాసే.

నేను కొన్నది 18 వోల్టులు, 4 ఆంపియర్ అవర్లు అని రాసి ఉన్నది. అంటే 72 వాట్ అవర్లు, ఆ అంకె బ్యాటరీ మీదే అచ్చువేసి ఉంది. తూచాను, బరువు సరిపోయింది. ఇంట్లో ఉన్న డ్రిల్లు కూడా అదే బ్యాటరీతో నడుస్తుంది గనుక రెండోది కొనక్కరలేదు. గొలుసుకు నూనె వేసే చిన్న తొట్టి ఉంది. విడి గొలుసులు దొరుకుతాయా అని ముందే అడిగాను. దీవిలో ఉండేవాడు మిషను కన్నా ముందు విడిభాగాలు కొనాలి.

తీసుకురావడం ఇంకో పరీక్ష. మా పిన్‌కోడు 744101 కొడితే చాలామంది అమ్మకందారులు బ్యాటరీ వస్తువు పంపలేమంటారు. ఓడలో రావాలి, మూడు రోజుల ప్రయాణం, ఓడ ఎప్పుడు కదులుతుందో వేరే లెక్క. విమాన ప్రయాణికుడు మాత్రం 100 వాట్ అవర్లు దాటని బ్యాటరీని చేతిసంచిలో తెచ్చుకోవచ్చు. 100 నుంచి 160 దాకా విమానసంస్థ అనుమతి కావాలి. ఆ పైన కుదరదు. నా 72 చెన్నై మీదుగా నాతోనే వచ్చింది. మిత్రుడి మిషను మీద రాసింది నిజమైతే అది విమానం ఎక్కకూడదు. ఎక్కనిచ్చారంటే పెట్టె అబద్ధమాడినట్టు.

ఈ మిషను "కాలుష్యరహితం" అని కూడా రాసి ఉంది. మా దీవుల్లో కరెంటు ఎక్కువగా డీజిల్ జనరేటర్లదే. లీటరుకు మూడున్నర యూనిట్లు వస్తాయనుకుంటే ఒకసారి చార్జింగుకు పాతిక మిల్లీలీటర్ల డీజిల్ ఎక్కడో కాలుతుంది. పెట్రోలు మిషను కన్నా చాలా నయం. రహితం మాత్రం కాదు.

మే మొదటివారంలో, తెల్లవారుజామున అయిదింటికే పని మొదలుపెట్టాం. ఇక్కడ సూర్యుడు గడియారం కన్నా ముందు నడుస్తాడు. చెట్లెక్కడం తెలిసిన కుర్రాడు నడుముకు తాడు కట్టుకున్నాడు, మిషనుకు వేరే తాడు. నేను కింద. కళ్లద్దాలు, గట్టి బూట్లు, రెండు చేతులతోనే పట్టుకోవాలన్న షరతు. ఈ చిన్న మిషన్లు ఒంటిచేత్తో పట్టుకోవచ్చన్నట్టు బొమ్మ వేస్తారు, అది పెట్టె మీది అన్ని మాటల్లోకీ ప్రమాదకరమైనది. బ్లేడు కొన పైభాగం కొమ్మకు తగిలితే మిషను ఒక్కసారిగా మొహం మీదికి ఎగురుతుంది. పెద్ద మిషన్లలో ఉండే గొలుసు బ్రేకు వీటిలో చాలావాటికి ఉండదు.

కొమ్మను చివరనుంచి రెండేసి అడుగుల ముక్కలు చేస్తూ, ఒక్కొక్కటీ తాడుతో దింపాం. ప్రతి కోతా ముందు కిందనుంచి కొంచెం, తర్వాత పైనుంచి. లేకపోతే కొమ్మ తెగేటప్పుడు మాను బెరడు చీలిపోతుంది. ఆఖరి కోత మానుకు మరీ ఆనించకుండా, ఆ ఉబ్బు వదిలిపెట్టి. చెట్టు గాయాన్ని మాన్పుకోదు, లోపల గోడ కట్టుకుంటుంది అని అమెరికన్ శాస్త్రజ్ఞుడు అలెక్స్ షైగో వేలకొద్దీ మానులు కోసి చూపాడు. ఆ గోడకు ఉబ్బు అవసరం. ఒక చార్జింగుకు యాభై కోతలు లెక్క వేసుకున్నాను, ముప్ఫైఎనిమిదితో పని అయిపోయింది.

2024లో రుతుపవనాలు మే 19న వచ్చాయి. గాలి వీచింది. కొమ్మ ఉండి ఉంటే పడేదో లేదో నాకు తెలియదు. జూలైలో పక్కింట్లో పాప పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. దీన్ని నేను మూఢానికి వ్యతిరేకంగా రుజువుగా చూపను. ఒక్క కాన్పుతో ఏదీ రుజువు కాదు. బిడ్డకు ఏమైనా అయి ఉంటే ఊరంతా ఆ ఒక్కదాన్నే రుజువుగా చూపేది, అది వేరే సంగతి.

మొన్న దసరాకు పక్కింటాయన మిషను అడిగాడు, ఆయుధపూజలో పెడతానని. ఇచ్చాను. బ్యాటరీ ఊడదీసి ఇచ్చాను. కుంకుమ నూనెతొట్టిలో పడకుండా మూత బిగించమన్నాను. ఆ తర్వాతి ఆదివారం ఆయన పనసకొమ్మ కొట్టడానికి మళ్లీ అడిగాడు. ఏ తిథి అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. కళ్లద్దాలు తీసుకుని నేనూ వెళ్లాను. పనసజిగురు గొలుసుకు పట్టేసింది, కిరసనాయిలుతో కడిగేసరికి మధ్యాహ్నమైంది.