కడుపులో ఉన్నప్పుడే పెట్టండి

"తక్కువ తినవే, బిడ్డ పెద్దదైతే కానుపు కష్టం." గన్నవరం చుట్టుపక్కల ఊళ్ల నుంచి నా దగ్గరికొచ్చే గర్భిణుల్లో ఈ మాట విననివాళ్లు తక్కువ. నాకు మాత్రం విన్న ప్రతిసారీ కోపం వస్తుంది. కాలవ కింద పంటలు పండే నేల మనది. చూడి గేదెకు వేళ తప్పకుండా తవుడూ తెలగపిండీ పెట్టే ఇంట్లోనే ఏడో నెల కోడలు చారన్నంతో సరిపెట్టుకుంటుంది. గుడ్డు వేడంటారు. అంగన్‌వాడీలో ఆమె కోసం ఇచ్చిన పాలూ గుడ్లూ ఇంటిల్లిపాదీ పంచుకుంటారు.

అలాంటి ఒక అమ్మాయికి రెండు కిలోల పైచిలుకు బిడ్డ పుట్టింది. "కోత లేకుండా తేలిగ్గా అయిపోయింది డాక్టరుగారూ" అని అత్తగారు సంబరపడింది. బిడ్డ కాళ్లూ చేతులూ వణుకుతున్నాయి. మడమ గుచ్చి చూస్తే రక్తంలో చక్కెర బాగా తక్కువ. కాలేయంలో నిల్వ ఉంటే కదా! తల్లి గుండెల మీద పడుకోబెట్టాం, పాలు పట్టించాం, చక్కెర మళ్లీ మళ్లీ చూశాం. తేరుకుంది.

అక్కడితో అయిపోతే నాకింత బాధ లేదు. తల్లి తిండి చాలకపోతే బిడ్డ శరీరం ముందు మెదడును కాపాడుకుంటుంది. కండకూ క్లోమానికీ దక్కాల్సింది తగ్గిపోతుంది. ఇన్సులిన్ తయారుచేసే కణాలు సరిగా పెరగవు. ఎదుగుదలకు కావలసిన హార్మోన్లు తగ్గుతాయి, ఒత్తిడి హార్మోను కార్టిసాల్ పెరుగుతుంది. పుట్టకముందే శరీరం కరువుకు అలవాటు పడుతుందని 1992లో ఇంగ్లండులో హేల్స్, బార్కర్ వివరించారు. పుణె కెఇఎం ఆసుపత్రి డాక్టర్ యాజ్ఞిక్ బృందం బొడ్డుతాడు రక్తాన్ని పరీక్షించింది. అక్కడి బిడ్డలు ఇంగ్లండు బిడ్డలకన్నా దాదాపు ముప్పావు కిలో తేలిక. అయినా కొవ్వు నుంచి వచ్చే హార్మోను లెప్టిన్ తగ్గలేదు, ఇన్సులిన్ ఎక్కువే ఉంది. సన్నగా కనిపించే ఒంట్లో కొవ్వు దాగి ఉంది.

కడుపులో ఉండగా పెట్టనివాళ్లు, పుట్టాక బొద్దుగా చేయాలని డబ్బాపాలూ బిస్కెట్లూ కుక్కుతారు. తక్కువ బరువుతో పుట్టి అలా పెరిగిన ఒక పద్నాలుగేళ్ల పిల్లను వాళ్లమ్మ తీసుకొచ్చింది. మెడ వెనక నలుపు మురికనుకుని, చర్మం కందిపోయేలా రుద్దిందట. అది ఇన్సులిన్ ఒంటికి పట్టడం లేదనే సంకేతమమ్మా అంటే ఆ తల్లి ఏడ్చేసింది. ఆమెనేమనను? తాను కడుపుతో ఉన్నప్పుడు ఆమెకు పెట్టినవాళ్లెవరు?

పెడితే ఏమవుతుందో మన దగ్గరే తేలింది. 1987–90 మధ్య హైదరాబాద్ దగ్గరి కొన్ని పల్లెల్లో గర్భిణులకూ చిన్నపిల్లలకూ మొక్కజొన్న–సోయా ఉప్మా పెట్టారు. ఆ పిల్లలు 13–18 ఏళ్లకు వచ్చాక, ఆ ఉప్మా అందని పక్క పల్లెల పిల్లలకన్నా 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. ఇన్సులిన్ కూడా వాళ్ల ఒంట్లో మెరుగ్గా పనిచేసింది. దీనికి ఖరీదైన మందులేవీ అక్కర్లేదు, రోజూ ఇంత ఉప్మా చాలింది.

బిడ్డ బరువు తగ్గడానికి తల్లి బీపీ, రక్తహీనత, జబ్బులూ కూడా కారణమే. అందుకే పరీక్షలు మానొద్దు, ఐరన్ మాత్రలు ఆపొద్దు. పప్పూ గుడ్డూ తింటే కానుపు కష్టమవదు. బిడ్డ మరీ పెద్దదయ్యే అవకాశం తల్లి షుగరు అదుపు తప్పినప్పుడు ఎక్కువ. రక్తం తక్కువున్న తల్లికి కానుపు ప్రమాదం. అత్తగార్లూ, కోడలు తినే ముద్ద లెక్కపెట్టకండి. అంగన్‌వాడీ గుడ్డు ఆమెనే తిననివ్వండి. మీ మనవరాలికి నలభై ఏళ్లకు రాబోయే షుగరు జబ్బును ఇప్పుడు ఆ కంచంలోనే కొంతైనా ఆపగలరు.