పండ్రెండవవాడు

మిరప సేద్యము చేయు రైతు తన చేనికి సరిపడునంత నారు మాత్రమే పోయడు. కొంత మిగులుగా పోసి, నాట్లయిన పిమ్మట గూడ దానిని మడిలో నీరుపెట్టి కాపాడును. కొన్ని దినములకు చేనిలో అచ్చటచ్చట మొక్కలు చచ్చును. అప్పుడు మిగులునారు తెచ్చి ఆ ఖాళీలను నింపును. దీనినే పోగుంటలు నాటుట యందురు. పంట చేతికి వచ్చునప్పుడు ఏ మొక్క ముందు నాటినది, ఏది పోగుంటలో నాటినది యని యెవ్వరును విచారింపరు. కాని, చేనిలో మొక్క చావని యేట మడిలో మిగిలిన నారు గతి యేమి? అదియు ఆ విత్తనమే. అదియు ఆ నీరు త్రాగినదే. తన తప్పేమియు లేకయే అది ముదిరిపోవును.

మనుష్యులలో నిట్టివారిని గూర్చి మన పత్రికలు వ్రాయుట అరుదు. గెలిచినవానిని గూర్చి వ్రాయుదురు. ఓడినవానిని గూర్చియు వ్రాయుదురు. సిద్ధపడి కూర్చున్నవాడు మాత్రము ఎవరికిని కనబడడు. క్రికెట్టు ఆటలో వానికి పండ్రెండవవాడని పేరు. పదునొకండుగురు ఆడుచుండగా నీళ్లందించి, చేతొడుగులు మార్చి యిచ్చి, ఒకనికి దెబ్బ తగిలినచో పరుగెత్తి పోవలసినవాడు.

ఇందును వికెట్టుకీపరు స్థితి మరియు కఠినము. బంతి వేయువారు ఒక జట్టులో నలుగురైదుగురుందురు. కావున దేశములో మూడవ స్థానమునందున్న బౌలరునకును చోటు దొరకును. కీపరు చోటు ఒక్కటియే. దేశములో రెండవవాడైనను బల్లమీదనే కూర్చుండవలయును. అమెరికా ఫుట్‌బాలులో క్వార్టర్‌బ్యాకు అనువాని స్థితియు నిట్టిదే. ఆటను నడిపి బంతిని విసరువాడు ఒకడే. వానికి మారుమనిషి సర్వమును నేర్చి, ఏమియు చేయక, ఏండ్ల తరబడి ప్రక్కన నిలుచును.

మన యాంధ్రదేశమున ఇట్టి జీవితమునకు చక్కని యుదాహరణము కోన శ్రీకర్ భరత్. ఈయన 1993 అక్టోబరు 3వ తేదీన విశాఖపట్టణమున జన్మించెను. 2015 ఫిబ్రవరిలో మన పొరుగున నున్న ఒంగోలులో గోవా జట్టుపై 308 పరుగులు చేసెను. రంజీ ట్రోఫీ చరిత్రలో మూడు వందలు దాటిన మొదటి వికెట్టుకీపరు ఈయనయే. అయినను భారత జట్టులో టెస్టు ఆటకు ఆయన పేరు పిలువబడుటకు ఆ దినమునుండి ఎనిమిదేండ్లు పట్టెను.

నడుమ 2021 నవంబరులో కాన్పూరునందు న్యూజీలాండుతో జరిగిన టెస్టులో ఒక విచిత్రము జరిగినది. జట్టు కీపరు వృద్ధిమాన్ సాహాకు మెడ పట్టుకొనగా, మూడవనాడు భరత్ చేతొడుగులు తొడిగి దిగెను. పూర్వ నిబంధనల ప్రకారము మారుమనిషి కీపరుగా నిలువరాదు. 2017లో నియమములు సవరింపబడి, అంపైర్ల యనుమతితో నిలువవచ్చునని యేర్పడినందువలననే ఇది సాధ్యమైనది. ఆనాడు విల్ యంగ్ బ్యాటునకు తగిలి నేలకు దగ్గరగా వచ్చిన బంతిని భరత్ అందుకొనెను. అంపైరు కాదనగా, సమీక్ష కోరుమని నాయకుడు రహానేను ఒప్పించెను. సమీక్షలో నది క్యాచియే యని తేలెను. పిదప రాస్ టేలర్ క్యాచి పట్టెను. 95 పరుగులతోనున్న టామ్ లేథంను స్టంపు చేసెను.

ఇప్పుడు లెక్కల పుస్తకము తెరచి చూడుడు. ఆ ముగ్గురి పేర్లకెదురుగా ‘సబ్’ అను మాట ముందుండును. భరత్ పేరు కుండలీకరణములలో నుండును. ఆయన టెస్టు లెక్కలో ఆ రెండు క్యాచీలును, ఆ స్టంపింగును చేరవు. ఆ ఆటయే ఆయన ఆడిన టెస్టులలో చేరదు. పని చేసినవాడు ఉన్నాడు, పని జరిగినది, ఫలము జట్టునకు ముట్టినది, కర్త ఖాతా మాత్రము శూన్యము. మన యిండ్లలో ఎందరు స్త్రీల జీవితము ఈ కుండలీకరణములలోనే గడచిపోవుచున్నదో చదువరులు యోచింతురుగాక.

2022 డిసెంబరు 30వ తేదీన రిషభ్ పంత్ కారు ప్రమాదమున తీవ్రముగా గాయపడెను. ఆ కారణమున 2023 ఫిబ్రవరి 9వ తేదీన నాగపురమున ఆస్ట్రేలియాపై భరత్ తొలి టెస్టు ఆడెను. జడేజా బంతికి లబుషేన్‌ను స్టంపు చేసెను. ఢిల్లీలో పుజారాతో కూడ నిలిచి 23 పరుగులతో ఆటను గెలుపునకు చేర్చెను. అహమ్మదాబాదున 44 పరుగులు చేసెను. ఆ జూనులో లండను ఓవల్ మైదానమున ప్రపంచ టెస్టు ఛాంపియన్‌షిప్పు తుది యాట ఆడెను. 2024 జనవరిలో హైదరాబాదున ఇంగ్లండుపై 41, 28 పరుగులు. ఫిబ్రవరిలో సొంతయూరు విశాఖలో 17, 6 పరుగులు. తరువాతి టెస్టునకు రాజకోటలో ఆ చోట ధ్రువ్ జురెల్ నిలిచెను. ఆ 7 టెస్టులలో మొత్తము 221 పరుగులు. సగటు 20కి కొంచెము పైన.

ఈ సగటు తక్కువదే. దానిని ఎక్కువగా చూపుట మా యుద్దేశము కాదు. దయతో లెక్కను మార్చుట దయయు గాదు, లెక్కయు గాదు. కాని ఏడాటలు ఏడాది పొడుగున చీలికలై దొరకినవానికిని, తప్పినను రేపు మరల ఆడెదనను ధైర్యము గలవానికిని ఒకే కొలత వేయునప్పుడు, ఆ కొలత యేమి కొలచుచున్నదో తెలిసికొనవలయునుగదా.

భరత్‌కు పూర్వము మన గుంటూరు సీమకు చెందిన ఎం. ఎస్. కె. ప్రసాద్ ఇట్టి మార్గమునే నడచెను. మేడికొండూరున పుట్టిన ఈయన నయన్ మోంగియా వెనుక చాలకాలము నిలిచి, 1999 అక్టోబరు మొదలు 2000 జనవరి వరకు న్యూజీలాండుపై మూడు, ఆస్ట్రేలియాపై మూడు, మొత్తము ఆరు టెస్టులాడెను. అంతటితో ఆ తలుపు మూతపడెను. ఆయన క్రికెట్టును విడువలేదు. 2016 నుండి 2020 వరకు జాతీయ సెలక్షను కమిటీకి అధ్యక్షుడుగా నుండెను. ఆరు టెస్టులాడినవాడు గొప్ప ఆటగాండ్రను ఎట్లు ఎంచునని కొందరు పరిహసించిరి. బల్లమీద కూర్చున్నవానికి ఆట ఎంత బాగుగా కనబడునో వారు తలపరైరి.

వేచియుండువాని ధర్మములో ఒక సూక్ష్మము గలదు. వాని యదృష్టము చాలసార్లు పరుని దుఃఖమునుండియే పుట్టును. 2001లో డ్రూ బ్లెడ్సోకు గాయమైనందుననే టామ్ బ్రాడీ దిగెను. 2017 డిసెంబరులో కార్సన్ వెంట్స్ మోకాలు దెబ్బతిన్నందుననే నిక్ ఫోల్స్ దిగి, 2018 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా జట్టును ఆ బ్రాడీ జట్టుపైననే 41-33తో గెలిపించెను. 2025లో ప్రతికా రావల్ గాయపడగా, మొదటి పట్టికలోగాని నిలువ పట్టికలోగాని లేని షెఫాలీ వర్మను పిలిచిరి. నవంబరు 2వ తేదీ ప్రపంచకప్పు తుది యాటలో ఆ బాలిక 87 పరుగులు చేసి రెండు వికెట్లు తీసెను. మన కడప సీమ బిడ్డ శ్రీచరణి యున్న జట్టే అది. సిద్ధముగా నుండవలయును, కాని తోటివాడు పడవలెనని కోరరాదు. ఈ రెంటిని ఒక్క మనస్సులో నిలుపుట యోగాభ్యాసమునకు తక్కువ గాదు.

భరతుడను పేరు వినగానే రామాయణ భరతుడు జ్ఞప్తికి వచ్చును. పాదుకలను సింహాసనమున నుంచి, నందిగ్రామమున పదునాలుగేండ్లు రాజ్యభారము వహించినవాడు. మన పెద్దలు రెండవవానికి ఓర్పు బోధింపదలచినప్పుడెల్ల ఆయనను చూపుదురు. ఈ పోలిక సగమే సరి. ఆ భరతుడు రాజ్యమును కోరలేదు. ఆయన నిరీక్షణకు గడువు ముందే తెలియును. ఈ కాలపు మారుమనిషి చోటును కోరును, కోరుట న్యాయమే; వానికి గడువు మాత్రము ఎవరును చెప్పరు. గడువు లేని నిరీక్షణను తపస్సని పొగడి ఊరకుండుట పెద్దల సోమరితనము.

మరియొక భేదమును మరువరాదు. పోటీలో రెండవవాడై వేచుట వేరు. పుట్టుకచేత బయట నిలువబడుట వేరు. 1911లో ఇంగ్లండున వందకు పైగా వికెట్లు తీసిన పాల్వంకర్ బాలూకు, దళితుడైనందున, హిందూ జట్టు నాయకత్వము ఎన్నడును దక్కలేదు. 1923లో తమ్ముడు విఠల్‌కు దక్కినది. మా వినుకొండలో 1895లో జన్మించిన జాషువా కవికి పంక్తిలో చోటీయనివారు ఆయన పద్యములో లోపము చూచి కాదుగదా. ఇట్టివారికి ఓర్పు బోధించుట పాపము. ఓర్పు చెప్పుటకు ముందు తలుపు తెరచియున్నదో లేదో చూడవలయును.

ఇక మన గృహముల మాట. పరీక్షాఫలములు వచ్చిన దినమున గోడలమీదను, బస్సులమీదను మొదటి ర్యాంకుల బొమ్మలు వ్రేలాడును. ఇంటిలో తండ్రి అడుగు మొదటి ప్రశ్న ‘ఎన్నవవాడవు?’ అని. మేము బడిలో ఇరువదేండ్లుగా చూచుచున్నాము: రెండవవాని ముఖమున కనబడు సిగ్గు పదియవవాని ముఖమున కనబడదు. ఆ సిగ్గును వానికి నేర్పినవారము పెద్దలమే. ‘ఏమి నేర్చితివి? ఎవరికి తోడ్పడితివి?’ అని యడిగినచో ఆ బాలుడు తలయెత్తి చెప్పును. మరియు ఒక్క చోటుకొరకు పిల్లవానిని పెంచునప్పుడు, ఆ చోటు దొరకని దినమున వాడు నిలువదగిన మరియొక నేలను గూడ సిద్ధపరచవలయును. అది వానియందు నమ్మకము లేమి కాదు, రైతు బుద్ధి.

సాహా ధోనీ వెనుక ఏండ్లు గడపెను. 2014 డిసెంబరున ధోనీ టెస్టులు విడిచిన పిమ్మట స్థిరపడి, మొత్తము 40 టెస్టులాడెను. భరత్‌కు ఏడు, ప్రసాద్‌కు ఆరు. ఆ యంకెలను పిల్లలకు చెప్పుడు. వానితోకూడ కాన్పూరులో లెక్కకురాని ఆ మూడు వికెట్లను గూడ తప్పక చెప్పుడు.