వగరును ఇంగ్లీషులో ఏమంటారు?

సాయంత్రం ఐదున్నరకు మా వసారాలో ఏడెనిమిది మంది పిల్లలు చేరుతారు. మా ఇద్దరూ, మిగతావాళ్ళు మా వీధివాళ్ళు. దీన్ని ట్యూషన్ అంటే మా ఆయన నవ్వుతాడు. ఫీజు లేదు, బోర్డు లేదు, గోడకు ఆనించిన పలక మా చిన్నోడు ఒకటో తరగతిలో వాడింది. నాకు బీఏ ఉంది, బీఈడీ లేదు. లోపల కుక్కర్ విజిల్ వేస్తే పాఠం మధ్యలో లేచిపోతాను. ఇదీ మా బడి.

2019 చివర్లో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం పెడతామని ఉత్తర్వు వచ్చినప్పుడు టీవీల్లో ఎంత కొట్లాట జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. కోర్టు దాకా పోయింది. ఆ తర్వాత ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉండే పుస్తకాలు వచ్చాయి. పెద్దల కొట్లాట పెద్దలది. మా వీధి పిల్లలు మాత్రం ఇంగ్లీషు పేజీ గడగడా చదివేస్తారు, ఎదురు పేజీ చూసి అర్థమూ చెప్పేస్తారు. పుస్తకం మూసి, నిన్న ఏం చేశావో ఇంగ్లీషులో చెప్పమంటే నోట్లో సంగటి ముద్ద ఉన్నట్టు నిలబడతారు. పుస్తకంలో వాళ్ళ ఇల్లు లేదు, వాళ్ళ నిన్న లేదు. అందుకని నేను పుస్తకం పక్కన పెట్టి, పండగలనూ పేపరునూ పట్టుకున్నాను. పండగ వస్తే పండగ, లేకపోతే ఆ రోజు పేపర్లో ఏముంటే అది.

పండగల్లో నాకు బాగా పనికొచ్చింది 2025 ఉగాది. మార్చి 30, ఆదివారం. మరుసటి రోజే రంజాన్. నిన్న, ఈ రోజు, రేపు అని క్రియలు మార్చి చెప్పడానికి దేవుడే టైంటేబుల్ వేసిచ్చినట్టు కుదిరింది. ఆదివారం సాయంత్రం "వి మేడ్ ఓళిగలు", "టుమారో వి విల్ గో టు హర్ హౌస్". సోమవారం వచ్చేసరికి ఆ 'విల్ గో' కాస్తా 'వెంట్' అయిపోయింది. ఎవరికీ బట్టీ పట్టించాల్సిన పని పడలేదు. షీర్ ఖుర్మా తాగొచ్చిన మూతులతోనే చెప్పారు.

ఉగాది నాడు దేవుని కడపలో ఏం జరుగుతుందో మా ఊరివాళ్ళకు చెప్పక్కర్లేదు, బయటివాళ్ళ కోసం చెబుతున్నాను. ఆ రోజు ముస్లింలు వెంకటేశ్వరస్వామి గుడికి వచ్చి కొబ్బరికాయ కొట్టి పోతారు. బీబీ నాంచారి తమ ఇంటి ఆడబిడ్డ, స్వామి అల్లుడు. సంవత్సరాది పూట అల్లుణ్ణి పలకరించకపోతే ఎట్లా? మా పక్కింటి పాప వాళ్ళ నానమ్మ రోజా ఉండి కూడా పొద్దున్నే పోయొచ్చింది. అల్లుణ్ణి ఇంగ్లీషులో 'సన్ ఇన్ లా' అంటారని చెబితే, "మధ్యలో లా ఎందుకత్తా, పోలీసులొస్తారా?" అని మా ఎదురింటి పిల్లోడు. కొన్నిళ్ళల్లో వస్తార్రా అన్నాను. వాడికి అర్థం కాలేదులెండి.

ఆ పక్కింటి పాపది ఏడో తరగతి. ఆ రోజు తనూ రోజా ఉంది. "ఐ యామ్ ఫాస్టింగ్" అని చెప్పించాను. మగపిల్లలు పకపకా నవ్వారు. ఫాస్ట్ అంటే వేగం అనే వాళ్ళకు తెలుసు. పాప పరుగెత్తుతున్నట్టు ఊహించుకున్నారు. అప్పుడు పలక మీద 'బ్రేక్‌ఫాస్ట్' రాసి మధ్యలో గీత గీశాను. బ్రేక్ అంటే విరవడం, ఫాస్ట్ అంటే ఉపవాసం. రాత్రంతా తినకుండా ఉండి పొద్దున విడుస్తాం కాబట్టి బ్రేక్‌ఫాస్ట్. రోజూ ఉగ్గాని తింటూ అనే మాటలో ఇంత ఉందా అని వాళ్ళు నోరు తెరిచారు. పాప మాత్రం వేళ్ళు లెక్కబెట్టుకుని, "అయితే ఆంటీ, ఈ రోజు నా బ్రేక్‌ఫాస్ట్ సాయంత్రం ఆరున్నరకు" అంది.

ఆ ఆరున్నర కోసం గిన్నెలో కొంచెం పచ్చడి తీసిపెట్టాం. ఆరు రుచులకు ఆరు మాటలు రాయడం ఆ రోజు పాఠం. తీపి, పులుపు, ఉప్పు, చేదు అలవోకగా వచ్చేశాయి. కారం దగ్గర కాసేపు ఆగాం. హాట్ అంటే వేడి కదా, ఎండా హాటే, మిరపకాయా హాటేనా అని. ఇంగ్లీషోళ్ళు మన గుంటూరు కారం మొదటిసారి తిన్నప్పుడు పెట్టుకున్న మాటేమో అన్నాను, ఊరికే తమాషాకి. ఆరోది వగరు. నిఘంటువులో 'ఆస్ట్రింజెంట్' అని ఉంది. సరైన మాటే, కానీ మందుల సీసా మీద మాటలాగా ఉంది, పిల్లల నోట్లో తిరగదు. వాళ్ళు ఆ కాలమ్ ఖాళీగా వదిలేశారు. చీకటి పడ్డాక పక్కింటి పాప వచ్చి, మామిడి పిందె తొక్క ముక్క నమిలి, కళ్ళు చికిలించి, "ఇట్ ఈజ్ హోల్డింగ్ మై టంగ్" అంది. నాలుకను పట్టుకుంటోందట. పలక మీద ఆ ఖాళీలో అదే రాశాను.

తెలుగు మాటకు ఇంగ్లీషు వెతకడం కడపకు కొత్తేమీ కాదు. 1820లో ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చిన సి.పి. బ్రౌన్ బంగళా కొని, పండితులకు సొంత డబ్బుతో జీతాలిచ్చి పనిచేయించాడు. వేమన పద్యాలు వెతికించి ఇంగ్లీషు అనువాదంతో 1829లో అచ్చు వేయించాడు. నిఘంటువు సంగతి అందరికీ తెలిసిందే. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడు బ్రౌన్ గ్రంథాలయం ఉంది. ఒక ఆదివారం పిల్లల్ని తీసుకెళ్ళాను. అంత చూసి మా చిన్నోడు అడిగింది ఒక్కటే: "ఆయన తప్పు తెలుగు మాట్లాడితే అందరూ నవ్వినారా?" నవ్వే ఉంటార్రా, అయినా మాట్లాడినాడు అన్నాను. ఆ రోజు ఆటోలో ఇంటికొస్తూ వాడు దారంతా తప్పుల ఇంగ్లీషే మాట్లాడాడు, ఆటో అతను కూడా రెండు మాటలు కలిపాడు.

ఇక పేపరు. నా పుట్టిల్లు కర్నూలు జిల్లాలో పత్తికొండ పక్కన. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాలు వెతికేవాళ్ళ ఫొటోలు ప్రతి ఏడాదీ పేపర్లో వస్తాయి. పక్క జిల్లాల నుంచి, కర్ణాటక నుంచి కూడా వచ్చి అక్కడే వండుకుంటూ వంచిన నడుము ఎత్తకుండా వెతుకుతారు. 'ఇఫ్' నేర్పడానికి దీన్ని మించిన వార్త లేదు. "ఇఫ్ ఐ ఫైండ్ ఎ డైమండ్" అని నేను మొదలుపెడతాను, మిగతాది వాళ్ళు పూర్తి చేయాలి. ఒకడు బైకు కొన్నాడు. ఒకమ్మాయి వాళ్ళమ్మకు మిక్సీ కొంది. మా చిన్నోడు "ఐ విల్ నాట్ టెల్ ఎనీబడీ" అన్నాడు. నాకు దిగులేసింది, వ్యాకరణం మాత్రం సరిగ్గా ఉంది. వీధి చివరింటి అమ్మాయి, ఎనిమిదో తరగతి, అందరికంటే ఆలస్యంగా, "ఇఫ్ ఐ ఫైండ్ ఎ డైమండ్, మై ఫాదర్ విల్ కమ్" అంది. ఎక్కడి నుంచి అని ఎవరూ అడగలేదు. మా వైపు నాన్న రావాలంటే కువైట్ నుంచే.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు, ఎమ్మిగనూరు పక్క మా అక్కవాళ్ళ పొలం దిగువ కాలువ కిందే కాబట్టి ఫోన్ల మీద ఫోన్లు. మా పెద్దోడు "మై పెద్దమ్మాస్ వాటర్ ఈజ్ గోయింగ్ టు శ్రీశైలం" అని రాశాడు. పెద్దమ్మను ఆంట్ అని దిద్దమంటారా? నేను దిద్దలేదు. ఆంట్ అంటే మేనత్తా, పిన్నా, పెద్దమ్మా, పక్కింటావిడా తెలియదు. నీళ్ళు పోయింది పెద్దమ్మవి. వారంలో స్టాప్‌లాగులు దించి నీళ్ళు నిలబెట్టారు, ఆ వారమంతా వాళ్ళు పేపరు కోసం గేటు దగ్గర కాచుకున్నారు.

అన్ని వార్తలూ ఇట్లా ఉండవు. 2024 జూన్ 12 తెల్లవారుజామున కువైట్‌లోని మంగాఫ్‌లో కూలీలుండే భవనం తగలబడింది. పోయినవాళ్ళలో ఎక్కువమంది భారతీయులు. మరుసటి రోజు పేపరు చూసి దీన్ని ఈ రోజు దాచేద్దామా అని నేను చాలాసేపు ఆలోచించాను. ఉమ్మడి కడప జిల్లాలో కువైట్ వార్తను ఎక్కడ దాస్తారు? రాయచోటి నుంచి రాజంపేట దాకా ఏ వీధిలో చూసినా ఒకరు అక్కడే ఉంటారు. టీవీ నిన్నటి నుంచి మోగుతూనే ఉంది. పేపరు చాప మీదే పెట్టాను, తీయమని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆ ఎనిమిదో తరగతి అమ్మాయే తీసింది. వాళ్ళ నాయన జహ్రాలో ఇంటి డ్రైవరు. తను అవ్వ దగ్గర ఉండి చదువుకుంటుంది. శీర్షిక మీద వేలు పెట్టి చదువుకుంటూ పోయి, తలెత్తకుండానే, "హౌ ఫార్ ఈజ్ జహ్రా ఫ్రమ్ మంగాఫ్?" అని అడిగింది. ఏడాదిగా ఆ పిల్ల నన్ను ఇంగ్లీషులో తనంతట తాను ఒక ప్రశ్న అడగడం అదే మొదలు. ఫోన్లో మ్యాప్ తీశాం. యాభై కిలోమీటర్లకు పైనే. పొద్దున్నే వాళ్ళ నాయన ఐఎంఓలో మాట్లాడినాడని, బాగున్నాడని తనకూ తెలుసు. అయినా ఆ దూరాన్ని రెండు వేళ్ళతో సాగదీసి సాగదీసి చూసుకుంది.

"వర్ కిల్డ్ అని ఉందే, ఎవరు చంపినారత్తా?" అని ఎదురింటి పిల్లోడు. నేను చెప్పాల్సిన వ్యాకరణం నాకు తెలుసు. కర్మణి వాక్యం, చేసినవాడి పేరు లేకపోయినా నడుస్తుంది, ప్రమాదంలో పోయినా ఇంగ్లీషులో 'కిల్డ్' అంటారు. అదే చెప్పాను. వాడు వదల్లేదు. "అంటే చేసినోడి పేరు రాయకపోయినా ఇంగ్లీషులో తప్పు గాదా?" ఆ పిల్ల వాడివైపు చూసి, పేపరు మడిచి, ఆ రోజుకు నోటుబుక్కు తెరవలేదు. నేనూ తెరవమనలేదు. అందరికీ చెనక్కాయలు పెట్టి పంపించాను.

తర్వాత వారం నుంచి ఆ అమ్మాయి ఒక పని మొదలుపెట్టింది. ప్రతి శుక్రవారం నాయనకు ఒక ఇంగ్లీషు వాక్యం పంపుతుంది. ఒంటిమిట్టలో రాములవారి కల్యాణం రాత్రిపూట వెన్నెల్లో జరుగుతుందని, పెద్ద దర్గా ఉరుసుకు ఏ.ఆర్. రెహమాన్ వచ్చినాడని, మా వీధి బోరు ఎండిపోయిందని. ఆయన పదో తరగతి దాకా చదివినాడట, అరబ్బీ బాగా వచ్చు, ఇంగ్లీషు మరిచిపోయినాడు. "నాకూ నేర్పు మే" అన్నాడట.

ఫిబ్రవరి 25, 26 కువైట్‌లో జాతీయ సెలవులు. ఆ రోజు ఆయన దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. పిల్ల పరుగెత్తుకొచ్చి ఫోన్ నా ముందు పెట్టింది. "టుడే హాలిడే. మోర్ డ్యూటీ." సెలవంటే యజమాని కుటుంబం షికార్లకు పోతుంది కదా, డ్రైవరుకు అర్ధరాత్రి దాకా స్టీరింగే.

"ఈజ్ పెట్టలేదు అత్తా. దిద్ది పంపల్నా?"

"దిద్దద్దులే మే. జవాబు రాయి."

మెట్ల మీద కూర్చుని చాలాసేపు రాసింది, చెరిపింది, మళ్ళీ రాసింది. చివరికి నాకు చూపించకుండానే పంపేసింది. ఏం రాశావే అంటే, "డ్రైవ్ స్లోలీ, నాయనా" అని చెప్పి వెళ్ళిపోయింది.