కుట్టు లేని సంచి

రాణిగంజ్ చౌరస్తా దాకా ఆకాశం తెల్లగానే ఉంది. ప్యారడైజ్ వైపు నుంచి వినాయకుళ్ల లారీలు ఒకదాని వెనక ఒకటి ఎం.జి. రోడ్డు మీద మెల్లగా వస్తున్నాయి. డప్పుల మోతకు దుకాణాల షట్టర్లు అదురుతున్నాయి. నేను డివైడర్ మీద నిలబడి, తండ్రి భుజాల మీద కూర్చుని రెండు చేతులూ పైకెత్తిన ఒక చిన్న పిల్ల వైపు లెన్సు తిప్పాను. నాలుగు ఫొటోలు తీసి ఉంటాను. అంతలో చినుకు పడింది. చినుకు వాన కావడానికి నిమిషం పట్టలేదు.

బజ్జీల బండి దగ్గర ఒక క్యారీ బ్యాగు అడిగి కెమెరాకు చుట్టాను. దాని అడుగున చిన్న చిల్లు ఉందని ఇంటికొచ్చాకే తెలిసింది. రీలు తడిసి చుట్లు ఒకదానికొకటి అంటుకున్నాయి. లెన్సు లోపలికి చెమ్మ చేరింది. తర్వాత కొన్నాళ్లకు అద్దం మీద సాలెగూడులాంటి బూజు పట్టింది. కెమెరా బాగుచేయించుకున్నాను. ఆ పిల్ల ఫొటో మాత్రం పోయింది. ఆ పిల్లా, ఆ తండ్రీ ఎవరో, ఏ బస్తీ వాళ్లో నాకు తెలియదు. చేతులు పైకెత్తిన ఆ క్షణాన్ని నేనొక్కడినే చూశాను, నేనే పోగొట్టాను. అది 2001 సంగతి. ఇప్పటికీ నిమజ్జనం రోజున ఆ డివైడర్ దాటుతుంటే ఆ పిల్ల గుర్తొస్తుంది.

మాది సికింద్రాబాద్‌లోని రాంగోపాల్‌పేట్. పాతవాళ్లు జేమ్స్ స్ట్రీట్ అని పిలిచిన ఎం.జి. రోడ్డు మీద గడియారపు గోపురంతో పోలీస్ స్టేషను ఉంటుంది కదా, ఆ చుట్టుపక్కలే నా బతుకంతా. ఆ భవనాన్ని ఇచ్చిన సేఠ్ రాంగోపాల్ పేరే మా పేటకూ వచ్చింది. నల్లగుట్ట దాటితే హుస్సేన్‌సాగర్. ఇటు తిరిగితే రాణిగంజ్, అంటే పంపులు, పైపులు, రబ్బరు షీట్లు, టార్పాలిన్లు, వాషర్లు అమ్మే దుకాణాలు. నీళ్లూ, నీళ్లకు అడ్డం పెట్టే సామానూ రెండూ మా పేట పొలిమేరల్లోనే ఉన్నాయి. అయినా నీళ్ల నుంచి ఏది ఎలా కాపాడుకోవాలో నేర్చుకోవడానికి నాకు రెండు దెబ్బలు తగలాల్సి వచ్చింది.

మొదటి దెబ్బ అంతకు ముందు ఏడాది తగిలింది. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన కురిసింది. అప్పుడు మేముండే ఇల్లు రోడ్డుకు పల్లంలో ఉండేది. తెల్లవారేసరికి గదిలో మోకాలి లోతు నీళ్లు. నాన్న బియ్యం బస్తా మంచం మీదికి ఎక్కించాడు, అమ్మ బంగారం మూట కట్టి కొంగున దోపుకుంది. బీరువా కింది అరలో పాత చీరల అడుగున పెళ్లి ఆల్బమ్ ఉందన్న మాట ఎవరికీ తట్టలేదు. నీళ్లు తీసిన మూడో రోజున తెరిచాం. పుటలన్నీ ఒక్క ముద్దయ్యాయి. నాన్న దాన్ని డాబా మీద ఎండలో పెట్టాడు. ఎండింది. ఎండాక విప్పబోతే ఒక ఫొటో ముఖం ఇంకో ఫొటో వీపుకు అంటుకుని ఊడి వచ్చింది. మా అమ్మమ్మ ఫొటో ప్రపంచంలో అదొక్కటే ఉండేది. అందులో చీర అంచు, చేతి గాజులు మిగిలాయి. ముఖం ఉండాల్సిన చోట తెల్లని కాగితం కనిపించింది.

ఎండలో పెట్టడమే మేం చేసిన తప్పని తర్వాత తెలిసింది. పాతకాలపు ఫొటో కాగితం మీద బొమ్మ నిలిచేది జెలటిన్ పొరలో. అది నీళ్లు తాగి ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, వేడి తగిలితే జిగురవుతుంది. పక్కనున్న కాగితానికి ఆనుకుని ఎండిందా, ఇక విడదీయలేం. నిజానికి ఫొటో పుట్టేదే నీళ్లలో. డార్క్‌రూమ్ ట్రేలలో నాని, కడిగించుకునే బయటికొస్తుంది. అందుకే తడిసినంత మాత్రాన ఫొటో పోయిందని అనుకోకూడదు. అంటుకున్న ఫొటోలను శుభ్రమైన చల్లని నీళ్లలో ఉంచి, నీళ్లలోనే మెల్లగా విడదీసి, బొమ్మ వైపు పైకి ఉండేలా నీడలో ఒక్కొక్కటిగా ఆరబెట్టాలి. వెంటనే వీలు కాకపోతే కవర్లో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచి, తీరిక చూసుకుని ఆ పని చేయవచ్చు. ఈ నాలుగు ముక్కలు ఆ రోజు మాకు ఎవరైనా చెప్పి ఉంటే మా అమ్మమ్మ ముఖం మిగిలేదేమో. చెప్పేవాళ్లు లేకపోయారు కాబట్టే నేనిప్పుడు అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతుంటాను.

రెండు దెబ్బలూ తిన్నాక రాణిగంజ్‌లో టార్పాలిన్లు, ప్లాస్టిక్ షీట్లు అమ్మే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. కెమెరా బల్ల మీద పెట్టి, "కాకా, దీనికి సరిపోయేటట్టు మందం షీటుతో ఒక సంచి కుట్టించి ఇస్తవా?" అని అడిగాను.

ఆయన కెమెరా అటూ ఇటూ తిప్పి చూశాడు. "కుట్టు ఎందుకు బిడ్డా? సూది దిగిన కాడల్లా తొర్రే. కుట్టినవంటే జల్లెడ చేసినట్టే. మిషన్ మీద వేడి పెట్టి అతికియ్యాలె."

"మరి మూతి?"

"మూతి మూడు మడతలు పెట్టి మడిచి, పైన పట్టీ బిగియ్యి. ఒక్క మడతకు నీళ్లు ఆగవు."

ముందు అద్దానికి ఆయనే ఉపాయం చెప్పాడు. షీటుకు గుండ్రంగా రంధ్రం కోసి, లెన్సు మూతి అందులోంచి బయటికి తీసి, దాని చుట్టూ రబ్బరు రింగు తొడిగి, నీళ్ల పైపులకు బిగించే క్లిప్పుతో పట్టించాడు. లెన్సు ముందు ఎప్పుడూ ఉండే ఫిల్టర్ అద్దమే ఆ సంచికి కిటికీ అయింది. షట్టర్ నొక్కడానికి షీటు మెత్తదనమే చాలు, పైనుంచి వేలు పెడితే బటన్ తగులుతుంది. క్లిప్పు పంపు సామాను దుకాణంలో దొరికింది, రింగు దాని పక్క దుకాణంలో. మధ్యాహ్నం భోజనం వేళకు సంచి తయారు. కాకా డబ్బులు తీసుకుంటూ ఒక మాట అన్నాడు: "సామాను పెట్టే ముందు ఉత్తగనే ముంచి చూడు. పంక్చరోడు చూడడా, గట్లనే."

ఆయన చెప్పినట్టే చేశాను. ఇంట్లో బకెట్ నిండా నీళ్లు పట్టి, కిటికీ రింగులో ఫిల్టర్ అద్దాన్ని ఒక్కదాన్నే బిగించి, సంచిలోకి గాలి ఊది, మూతి బిగించి అడుగుదాకా నొక్కి పట్టాను. కిటికీ రింగు దగ్గర్నుంచి ఆవగింజంత బుడగ ఒకటి లేచింది. కాసేపటికి ఇంకొకటి. క్లిప్పు స్క్రూ ఒక చుట్టు బిగించాను, ఆగిపోయాయి. తర్వాత గాలి తీసేసి, నాలుగు మూలలకూ చేరేలా పొడి కాగితం ముక్కలు లోపల పెట్టి, అరగంట నీళ్లలో ఉంచాను. మూడు మూలల కాగితాలు గలగలలాడుతూ వచ్చాయి, నాలుగోది అంచున తడిసింది. అతుకులో వెంట్రుకంత సందు. ఆ మూల మళ్లీ వేడి పెట్టించాక గానీ కెమెరాను లోపలికి రానివ్వలేదు. ఇన్నేళ్లలో ఎన్ని సంచులు మార్చినా, ఎంత ఖరీదైనది కొన్నా, ఈ బకెట్ పరీక్ష మాత్రం మానలేదు. కొత్త సంచి కదా అని నమ్మకండి.

ఆ తర్వాత కొన్నేళ్లకు హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవల పోటీలు చూడటానికి వెళ్లాను. మా సాగర్‌లో వానాకాలంలోనూ పడవలు నడుపుతారు. యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ వాళ్లు నడిపే పోటీ పేరే మాన్‌సూన్ రెగట్టా. పడవ ఒరిగినప్పుడు ఎగిసే నీళ్లలో ఫొటోలు తీస్తున్న ఒకాయన చేతిలో మొదటిసారి ఈవా మెరైన్ అనే జర్మనీ సంచి చూశాను. నా రాణిగంజ్ సంచికి పెద్దన్నలా ఉంది. రెండు పొరలు కలిపిన దళసరి పీవీసీ షీటు, ముందు బల్లపరుపు అద్దం, లోపలికి చొప్పించిన చేతి తొడుగు, పైన మూతికి స్క్రూలతో బిగించే పట్టీ. వేలు తొడుగులోకి పోనిచ్చి బటన్ నొక్కుతున్నాడు. నాది వానకు మాత్రమే పనికొస్తుంది, ఆయనది నీళ్ల అడుగుకూ పోగలదు. లోపల కాస్త గాలి ఉంచితే, చేతి నుంచి జారినా అది నీళ్ల మీద తేలుతుందని కూడా ఆయనే చెప్పాడు.

మెత్తని సంచి నీళ్ల అడుగున ఎలా ఆగుతుందని నాకు చాలా రోజులు సందేహం. గట్టి పెట్టె నీళ్ల ఒత్తిడికి ఎదురు నిలుస్తుంది. బయట ఒత్తిడి ఎక్కువ, లోపల తక్కువ, అందుకని నీళ్లు ప్రతి సందునూ వెతుక్కుంటూ లోపలికి దూరాలని చూస్తాయి. సంచి అలా ఎదురు నిలవదు, నొక్కితే నొక్కుకుపోతుంది. పది మీటర్ల లోతున దానిలోని గాలి సగానికి కుంచించుకుపోతుంది, అంటే లోపలి ఒత్తిడి కూడా బయటి ఒత్తిడికి సమానమవుతుంది. రెండూ సమానమైతే నీళ్లను లోపలికి తోసే బలమే ఉండదు. మరీ లోతుకు పోతే గాలి అయిపోయి షీటు కెమెరాను అదుముకుంటుంది, బటన్లు వాటంతటవే నొక్కుకుంటాయి. సంచి హద్దు అక్కడ ఉంది.

ఈ కిటుకు ఈనాటిది కాదు. 1893లో ఫ్రాన్సులో బాన్యుల్స్ సముద్ర తీరాన లూయీ బూటాన్ అనే జీవశాస్త్రవేత్త నీళ్ల అడుగున ఫొటోలు తీశాడు. ఆయన సోదరుడు తయారు చేసిన రాగి పెట్టెకు ఒక రబ్బరు బుడగ తగిలించి ఉండేది. లోతుకు దిగేకొద్దీ సముద్రం ఆ బుడగను నొక్కేది, బుడగలోని గాలి పెట్టెలోకి చేరేది. రాగి పెట్టెను కాపాడింది కూడా మెత్తని రబ్బరే.

నీళ్లు బయటే ఆగిపోయినా చెమ్మ ఆగదు. మా ఫొటోగ్రాఫర్ల వృత్తిలో పెళ్లి హాలు ఏసీలోంచి ఒక్కసారిగా వానలోకి పరిగెత్తడం రోజూ ఉండేదే. చల్లబడ్డ అద్దానికి బయటి తడిగాలి తగలగానే మంచు పట్టేస్తుంది. అందుకే కెమెరాను ఏసీ గదిలోనే సంచిలో మూసి, బయటికి తెచ్చి, పది పదిహేను నిమిషాలు అలాగే ఉంచి అప్పుడు తీయాలి. సంచిలో ఒక సిలికా జెల్ పొట్లం వేసుకోవాలి. రంగు మారే రకమైతే నీలం గులాబీ అయ్యిందంటే దాని పని అయిపోయినట్టు. తడిసిన ఫోన్‌ను బియ్యంలో పెట్టే అలవాటు మానుకోవాలి. బియ్యం చెమ్మను అంతగా లాగదు, పిండి మాత్రం సందుల్లోకి చేరుతుంది. ఆపేసి, తుడిచి, గాలి తగిలే చోట పెట్టడమే మేలు. ఛార్జింగ్ పెట్టి చూద్దామన్న తొందర అసలు వద్దు. ఫోన్ పెట్టె మీద ఐపీ67 అని ఉంటే అది ఒక మీటరు లోతు మంచినీళ్లలో అరగంటకు ఇచ్చిన మాట. రంగు నీళ్లకు, సబ్బు నీళ్లకు, ఏళ్ల తరబడి వాడిన ఫోన్‌కు ఇచ్చిన మాట కాదు. మా పేటలో హోలీ ఎంత జోరుగా జరుగుతుందో తెలిసినవాడిని కనుక ఇది గట్టిగా చెబుతున్నాను.

ఫొటోలను కాపాడుకోవడంలో సికింద్రాబాద్‌కు పెద్ద చరిత్రే ఉంది. రాజా దీన్‌దయాళ్ 1886లో స్టూడియో పెట్టింది ఈ ఊళ్లోనే. ఆరో నిజాం కొలువును, కోటలను, వేటలను గాజు పలకల మీద పట్టిన మనిషి. ఆయన గాజు నెగెటివ్‌లు 2,857 ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. అవి 1989లో అక్కడికి చేరాయి. ఒక గాజు పలక మీద బొమ్మ నూరేళ్లు నిలవాలంటే ఎన్ని వానాకాలాలు దాటాలో, ఎంతమంది చేతులు దాన్ని పొడిగా ఉంచి ఉండాలో తలచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. మా ఇంటి ఆల్బమ్‌లోనూ, ఆ పలకల మీదా బొమ్మను నిలిపింది ఒక పలుచని పొరే.

నల్లగుట్ట పల్లపు గల్లీల్లో వాన ముసురు పట్టగానే కొన్ని ఇళ్లలో ఆడవాళ్లు చేసే పని చూశాను. రేషన్ కార్డు, పిల్లల పదో తరగతి మెమోలు, బ్యాంకు పాస్‌బుక్కు, ఇంటి కాగితాలు అన్నీ దళసరి కవర్లో పెట్టి, గాలి పిండేసి, మూతి మెలిపెట్టి వెనక్కి మడిచి తాడు కట్టి సజ్జ మీద పెడతారు. ఎవరూ నేర్పలేదు, నీళ్లే నేర్పాయి. కాకా చెప్పిన మూడు మడతల సూత్రమే అది. కానీ ఆ మూటల్లో ఫొటోలు అరుదుగా కనిపిస్తాయి. వరద వస్తే మనం ముందు బంగారం అందుకుంటాం. కొట్టుకుపోతుందని, దొంగలు పడతారని భయం, అది సహజమే. కానీ బంగారం నెల రోజులు నీళ్లలో ఉన్నా బంగారమే. కాగితం ఒక్క రాత్రికి తట్టుకోదు. మెమో పోతే బోర్డు చుట్టూ తిరిగి నకలు తెచ్చుకోవచ్చు. అమ్మమ్మ ముఖానికి నకలు ఇచ్చే ఆఫీసు ఎక్కడా లేదు.

ఇప్పుడు నా దగ్గర మంచి సంచులే ఉన్నాయి. రాణిగంజ్ సంచి పసుపుబారి, మడతల దగ్గర పెళుసెక్కింది, వాడటం మానేశాను. చీర అంచు, గాజులు మిగిలిన ఆ ఫొటోను అందులోనే పెట్టి, మూడు మడతలు వేసి, బీరువా పై అరలో ఉంచాను. మీరు కూడా ఈ వానలు ముదరకముందే మీ బీరువా కింది అర ఒకసారి తెరిచి చూడండి. అక్కడ ఆల్బమ్ ఉంటే ఈ రోజే ప్రతి ఫొటోనూ ఫోన్‌లో తీసి తోబుట్టువులకు పంపండి. తర్వాత ఆల్బమ్‌ను మందపాటి కవర్లో పెట్టి, ఆ కవరును ముందు బకెట్లో ముంచి చూసుకుని, సజ్జ మీదికి ఎక్కించండి.