నాలుగు వేల అక్షరాలు

ముప్ఫై రెండేళ్లు కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి, రిటైరై, తెనాలిలో హాయిగా కాలక్షేపం చేస్తున్నవాణ్ణి. 2025 వేసవిలో మా అబ్బాయి బలవంతం మీద ఇంగ్లండు వెళ్లి, లెస్టరులో వాళ్లింట ఆరు నెలలు వున్నాను. మోకాళ్లనొప్పులని మా ఆవిడ రానంది. అక్కడ మా మనవరాలు వైద్యకళాశాలలో సీటు కోసం దరఖాస్తు పెట్టే హడావుడిలో వుంది.

"తాతయ్యా, నా గురించి నేనే రాసుకోవాలి. కాస్త చూసిపెడతావా?" అంది.

నాకు వింతగా తోచింది. 1965లో నేను పి.యు.సి.లో చేరినప్పుడు అచ్చు దరఖాస్తు, మార్కుల జాబితా, 'నడవడి బాగున్నది' అని హెడ్మాస్టరుగారు రాసిచ్చిన కాగితం - అంతటితో సరి. ఈ చదువు నీకెందుకోయ్ అని ఎవరైనా అడిగివుంటే, మా నాన్నగారు చేరమన్నారండీ అనడం తప్ప నాకు వేరే జవాబు లేదు.

అక్కడి పద్ధతి వేరు. డిగ్రీ చదువుల దరఖాస్తులు యూకాస్ అనే సంస్థ ద్వారా వెళ్తాయి. అయిదు చోట్లకు పెట్టుకోవచ్చు. వైద్యానికి మాత్రం నాలుగే. అన్నిచోట్లకూ పోయేది ఒకే రాత కనుక, ఫలానా విశ్వవిద్యాలయమంటే నాకు ప్రాణమండీ అని ముఖస్తుతి చెయ్యడానికి వీల్లేదు. ఇదివరకు ఒకే వ్యాసం వుండేది. 2026లో చేరేవాళ్లతో మొదలుపెట్టి దాన్ని మూడు ప్రశ్నలు చేశారు. ఈ చదువు ఎందుకు కోరావు? ఇంతవరకు చదివింది నిన్ను దీనికెలా సిద్ధం చేసింది? చదువుకు బయట ఏం చేశావు, అది ఎందుకు పనికొస్తుంది? మూడూ కలిసి నాలుగు వేల అక్షరాలు దాటరాదు. మాటకూ మాటకూ మధ్య ఖాళీ కూడా లెక్కేనట! ఇంత పీనాసితనం నేనెక్కడా చూడలేదు.

సరే, వూరుకుంటానా? రాత్రి కూచుని నేనే రాసిపెట్టాను. శైశవం నుంచీ ఆర్తజనసేవ నా వూపిరి అని ఎత్తుకుని, జాన్సన్ మహాశయుడు వీపు తట్టేటంత ఘనమైన ఇంగ్లీషులో ముగించాను.

పొద్దున్న అది చదివి పిల్ల పడీపడీ నవ్వింది. "ఇలాంటివి వాళ్లు వేలు చదువుతారు తాతయ్యా" అని, స్కూల్లో టీచరు చెప్పిన సంగతి చెప్పింది. 2007లో యూకాసువారు దరఖాస్తులను ఒకదానితో ఒకటి పోల్చి చూశారట. ఎనిమిదో యేట రసాయనాలతో ప్రయోగం చేస్తూ పైజామాకు చిల్లి కాల్చుకున్నవాళ్లు 234 మంది తేలారట! ఒకే నమూనాను అందరూ దించేశారన్నమాట. ఇప్పుడు ప్రతి రాతనూ పాతవాటితో పోల్చి చూడందే వదలరు. పైగా ఇంటర్వ్యూలో, నువ్వు రాసిన ఈ ముక్క సంగతేమిటి అని అడిగితే నీళ్లు నమలాలి.

అయినా నా మనసు నొప్పించలేక కాబోలు, నా మొదటి వాక్యాన్ని వుంచి, తక్కినదంతా తనే రాసుకుంది. అక్టోబరు 15 గడువు. పదో తారీకున కాగితాలు నా చేతికిచ్చి, "నూట ఎనభై అక్షరాలు ఎక్కువయ్యాయి. ఏం తీసేద్దాం?" అంది.

మూడో జవాబు దగ్గర ఆగిపోయాను. ప్రతి శనివారం వృద్ధుల ఆశ్రమంలో ఒక ముసలాయనకు పేపరు చదివి వినిపిస్తుందిట. మొదట్లో గట్టిగా అరిచేదిట, ఆయన చిరాకుపడేవాడు. ఒక చెవి బాగానే వుందని కనిపెట్టి, ఆ వైపు కూచుని మామూలుగా మాట్లాడితే ఆయన కబుర్లే కబుర్లు. తరువాత రెండు వాక్యాలు: "మా తాతగారికి ఎడమచెవి వినబడదు. ఆయన ఆ సంగతి దాస్తారు గనుక నేను అడగలేదు, కుడివైపు కూచుంటున్నాను."

ఆరేళ్లుగా మా ఆవిడక్కూడా చెప్పని సంగతి! భోజనాల దగ్గర పిల్ల ఎప్పుడూ కుడిపక్క కుర్చీయే లాక్కోవడం ప్రేమ అనుకున్నానే గాని, అందులో ఇంత వుందని ఎరగను.

కళ్లజోడు తుడుచుకుని, పెద్దమనిషి తరహాగా, "ఈ రెండు వాక్యాలూ తీసేస్తే లెక్క సరిపోతుందమ్మా" అన్నాను. ముక్కూమొహం తెలియని నాలుగు కళాశాలలవాళ్లకు నా చెవుడు దేనికి, చెప్పండి?

అది నావైపు చూసింది. "నీకు కష్టమైతే తీసేస్తాను తాతయ్యా. కాని నేను నిజంగా నేర్చుకున్నది అదొక్కటే."

ఏమనను? కాసేపు కిటికీలోంచి వాన చూస్తూ కూచున్నాను. ముప్ఫై రెండేళ్లు పిల్లలచేత వ్యాసాలు రాయించాను గాని, ఒక్కడూ తన యింట్లో మనిషిని గురించి ఇంత సూటిగా రాయలేదు. నేనూ రాయమనలేదు.

కలం తీసుకుని, పైన ఆర్తజనసేవ వాక్యాన్ని అడ్డంగా కొట్టేశాను. లెక్కపెట్టింది. ఇంకా పదకొండు అక్షరాలు మిగిలాయిట.

డిసెంబరులో నేను తిరిగి వచ్చేముందే ఒకచోట నుంచి ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. తెనాలి చేరాక చెవికి మిషను పెట్టించుకున్నాను. మా ఆవిడ ఇన్నాళ్లూ వంటింట్లోంచి నన్ను ఏమేమి అంటూ వచ్చిందో ఇప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది.