ప్రేమకు అడ్డుగోడ కట్టిందెవరు?

రొమేనియాలో 2007లో మొదలైన ‘ఇనిమా దె త్సిగాన్’ లాంటి సీరియళ్లు చూస్తే, రోమానీలకూ (జిప్సీలకూ) బయటివాళ్లకూ మధ్య ప్రేమకు అడ్డంతా రోమానీ పెద్దల పంతం, పరువేననిపిస్తుంది. చరిత్ర అలా చెప్పదు. తర్వాత రొమేనియాగా కలిసిన వలాకియా, మొల్దావియా సంస్థానాల్లో రోమానీలు దాదాపు 500 ఏళ్లు బానిసలు. రాజ్యమూ మఠాలూ జమీందార్లూ వాళ్లను సొంత ఆస్తిగా చూశారు, అమ్మారు, కట్నాల్లో రాసిచ్చారు. రోమానీ బానిసకూ స్వేచ్ఛ ఉన్నవాళ్లకూ పెళ్లి కాకూడదన్నది ఆ బానిసల యజమానుల చట్టం! 1855-56లో విముక్తి వచ్చినా, 1942లో రొమేనియా నియంత ఆంటొనెస్కు ప్రభుత్వం సుమారు 25,000 మంది రోమానీలను తన ఆక్రమణలోని ట్రాన్స్‌నిస్ట్రియాకు తరిమేసింది. ఆకలికీ చలికీ టైఫస్‌కీ వేలమంది పోయారు. ఇన్ని చూసిన జనం పిల్లను బయటివాళ్లకు ఇవ్వడానికి వెనకాడితే, అందులో మొండితనం కన్నా భయం పాలే ఎక్కువ.

మరి రోమానీ ఇళ్లలో బాల్యవివాహాలు, ఆడపిల్లల మీద ఆంక్షలు లేవా అంటారు. కొన్ని సమూహాల్లో ఉన్నాయి, వాటిని దాచమని ఎవరూ అనకూడదు. వాటిమీద ముందునుంచీ పోరాడుతున్నదీ రోమానీ స్త్రీలే. అయితే రోమానీ అమ్మాయి కోడలిగా వస్తుందంటే అవతలి ఇంట్లో రేగే అసహ్యాన్ని కూడా అంతే వివరంగా, అన్ని ఎపిసోడ్ల పాటు చూపించాలి. కథలో ఆ రెండో ఇల్లు ఎప్పుడూ తేలిగ్గా తప్పించుకుంటోంది.